బ్యాంకు వేలంలో ఇల్లు చవకగా ఎందుకు వస్తుంది?

దినపత్రిక లోపలి పేజీల్లో అప్పుడప్పుడు ఒక పెద్ద పట్టిక కనిపిస్తుంది. అక్షరాలు ఎంత చిన్నవంటే, కళ్లజోడు ఉన్నవారు కూడా పేపరును కాస్త దగ్గరికి జరుపుకోవాలి. పైన బ్యాంకు పేరు, కింద రుణగ్రహీత పేరు, హామీదారు పేరు, రావలసిన బకాయి, ఫ్లాటు నంబరు, విభజించని వాటా ఎన్ని గజాలో, నాలుగు దిక్కుల హద్దులు. చివరి గడిలో రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర. చుట్టుపక్కల 62 లక్షలు పలుకుతున్న ఫ్లాటుకు అక్కడ 48 లక్షలని ఉంటుంది. చూసినవారి మనసులో వెంటనే ఒక తీసివేత జరిగిపోతుంది: 14 లక్షలు మిగులు!

తీసివేత సరైనదే, తొందరపాటే చిక్కు. అదే వరుసలో 'స్వాధీనం: సింబాలిక్' అని ఒక గడి ఉంటుంది. పట్టిక అడుగున, ఇంకా చిన్న అక్షరాల్లో, 'ఎక్కడ ఉన్నది అక్కడే, ఉన్నది ఉన్నట్లుగా, ఏది ఉంటే అదే' పద్ధతిన అమ్మకం అని ఉంటుంది. ఈ ప్రకటనలను ధర గడి నుంచి కాక ఈ రెండు చోట్ల నుంచి చదవడం నాకు అలవాటైంది. తగ్గిన ఆ 14 లక్షలను నేను కూలిగా చూస్తాను. బ్యాంకు తాను మోయదలచుకోని కొన్ని పనులను కొనేవారి నెత్తిన పెడుతుంది. వాటికి ఇచ్చే కూలి అది. ఆ పనులేమిటో, కూలి గిట్టుబాటవుతుందో లేదో తెలియాలంటే ముందు ఆ ఇల్లు వేలం దాకా ఎలా వచ్చిందో చూడాలి.

ఇల్లు వేలం దాకా వచ్చే దారి

ఒకప్పుడు తనఖా పెట్టుకున్న ఆస్తిని అమ్ముకోవాలంటే బ్యాంకు సివిల్ కోర్టుకో, 1993 చట్టంతో ఏర్పడిన రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కో వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవలసి వచ్చేది. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ఆ మెట్టును తీసేసింది. ఇప్పుడు బ్యాంకే నోటీసు ఇస్తుంది, బ్యాంకే స్వాధీనం చేసుకుంటుంది, బ్యాంకే అమ్ముతుంది. ఈ పనులన్నీ చేసే బ్యాంకు ఉద్యోగిని చట్టం 'అధీకృత అధికారి' అంటుంది.

వాయిదా 90 రోజులకు మించి కట్టకపోతే అప్పు నిరర్థక ఆస్తి అవుతుంది. వాడుకలో మొండి బకాయి అంటాం. అప్పుడు 60 రోజుల గడువుతో డిమాండు నోటీసు వెళుతుంది. రుణగ్రహీత అభ్యంతరం రాసి పంపితే 15 రోజుల్లో బ్యాంకు జవాబు చెప్పాలి. గడువు తీరినా సొమ్ము రాకపోతే స్వాధీన ప్రకటన. దాన్ని ఆస్తి మీద అతికించి, రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలోది. ఆ తర్వాత గుర్తింపు ఉన్న మదింపుదారు చేత విలువ కట్టించి, రిజర్వు ధర నిర్ణయించి, 30 రోజుల వ్యవధితో వేలం ప్రకటిస్తారు. మొదటి వేలంలో ఎవరూ రాకపోతే తర్వాతి దానికి 15 రోజుల వ్యవధి చాలు. ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలాల కోసం 2025 జనవరి నుంచి 'బ్యాంక్‌నెట్' అనే పోర్టల్ నడుస్తోంది.

కోర్టు ప్రమేయం లేదన్నది బ్యాంకు వైపు నుంచి చూస్తేనే నిజం. రుణగ్రహీత వైపు నుంచి చూస్తే బ్యాంకు తీసుకునే చర్య మీద 45 రోజుల్లో ట్రైబ్యునల్‌కు వెళ్లే హక్కు ఉంది. అలా వెళ్లాలంటే ముందుగా బకాయిలో 75 శాతం కట్టాలని చట్టంలో మొదట ఉండేది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని చాలావరకు సమర్థిస్తూనే ఆ షరతును కొట్టేసింది. అందుకే తొలి మెట్టు ఎక్కడం రుణగ్రహీతకు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మన వైపు హైదరాబాద్‌లోను, విశాఖపట్నంలోను ట్రైబ్యునళ్లు ఉన్నాయి. వాటి తీర్పుల మీద అప్పీలుకు కోల్‌కతా వెళ్లాలి. అక్కడ మాత్రం రుణగ్రహీత బాకీలో సగం కట్టాలి, దాన్ని పాతిక శాతం దాకా తగ్గించవచ్చు. వేలంలో ఇల్లు కొనేవారు కొత్త ఇంటితో పాటు ఈ దారి మధ్యలోకి కూడా అడుగుపెడుతున్నారు.

ధర తగ్గడానికి కారణాలు

మదింపుదారు నివేదికలో సాధారణంగా మూడు అంకెలుంటాయి: మార్కెట్ విలువ, రాబట్టగల విలువ, ఒత్తిడిలో అమ్మితే వచ్చే విలువ. తీరిగ్గా కూర్చుని నాలుగు బేరాలు చూసుకుని అమ్మే మనిషికి మొదటిది వస్తుంది. బ్యాంకుకు ఆ తీరిక లేదు. పైగా దానికి రావలసింది బకాయి మాత్రమే. బాకీ, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును రుణగ్రహీతకు తిరిగి ఇవ్వాలి. 35 లక్షలు రావలసిన బ్యాంకుకు ఫ్లాటు 48 లక్షలకు పోయినా 60 లక్షలకు పోయినా తన పద్దు ఒకేలా ముగుస్తుంది. ఆ తేడా అంతా ఇల్లు పోగొట్టుకున్నవారి జేబుదే. వేలం ధర మరీ తక్కువైతే కోర్టు మెట్లు ఎక్కేది కూడా వారే. కాబట్టి తగ్గింపు పెరిగేకొద్దీ తగాదాకు కారణం కూడా పెరుగుతుంది. ఈ ముడిని చాలామంది చూడరు.

కొనేవారు తక్కువగా ఉండటం రెండో కారణం. గడువులు రోజుల్లో ఉంటాయి, గృహరుణం మంజూరుకు వారాలు పడుతుంది. లోపల మనుషులున్న ఇంటి మీద అప్పివ్వడానికి మరో బ్యాంకు వెనకాడుతుంది. దాంతో చేతిలో నగదు ఉన్నవారే పాటకు మిగులుతారు. ఒక వేలం ఖాళీగా పోతే తర్వాతిసారి రిజర్వు ధర తగ్గవచ్చని వారికీ తెలుసు, కాబట్టి ఆగుతారు.

ప్రీ లాంచ్ పేరుతో బిల్డర్లు ఇచ్చే తగ్గింపు చూడటానికి ఇలాంటిదే, లోపల వేరు. అక్కడ అనుమతులు రాకముందే సొమ్ము ఇచ్చేవారు నిజానికి బిల్డరుకు హామీ లేని అప్పు ఇస్తున్నారు. 500 చదరపు మీటర్లకు లేదా 8 ఫ్లాట్లకు మించిన ప్రాజెక్టును రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదుకు ముందు ప్రకటించడం, బుకింగులు తీసుకోవడం 2016 చట్టం ప్రకారం కూడదు. బ్యాంకు వేలంలో కనీసం ఇల్లు కంటికి కనిపిస్తుంది.

స్వాధీనం అనే మాటకు రెండు అర్థాలు

చట్టం దృష్టిలో స్వాధీనం రెండు రకాలు. భౌతిక స్వాధీనం అంటే ఇల్లు ఖాళీగా ఉంది, తాళం బ్యాంకు దగ్గర ఉంది. సింబాలిక్ స్వాధీనం అంటే కాగితం మీద స్వాధీనం. తలుపు మీద బ్యాంకు ప్రకటన అతికించి ఉంటుంది, లోపల కుక్కరు కూత వేస్తూ ఉంటుంది. బయట తీగ మీద పిల్లల యూనిఫారాలు ఆరుతుంటాయి. ఇల్లు చూద్దామని వెళ్లిన కొనుగోలుదారుకు తలుపు తీసేవారే ఉండరు. అపార్ట్‌మెంటు కాపలాదారు చెప్పే నాలుగు మాటలే సమాచారం.

రెండు రకాల స్వాధీనంతోనూ బ్యాంకు వేలం వేయవచ్చు, విక్రయ ధ్రువపత్రం ఇవ్వవచ్చు. లోపలివారు వెళ్లనంటే జిల్లా మేజిస్ట్రేట్ దగ్గరికో, చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ దగ్గరికో బ్యాంకు దరఖాస్తు పెట్టి, పోలీసుల సాయంతో ఖాళీ చేయించాలి. మేజిస్ట్రేట్ 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి, కారణాలు రాసి మొత్తం 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ గడువు దాటినంత మాత్రాన మేజిస్ట్రేట్ అధికారం పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకు దృష్టితో చూస్తే అది మేలు, ఎందుకంటే ఆలస్యం వల్ల దరఖాస్తు చెడిపోదు. కొనేవారి దృష్టితో చూస్తే చట్టంలో కనిపించే 60 రోజులను తన లెక్కలో 60 రోజులుగా రాసుకోకూడదు.

ఉన్నది అద్దెదారైతే చిక్కు మరో రకం. తనఖాకు ముందే రిజిస్టరైన కౌలు ఒప్పందం ఉన్న అద్దెదారును ఊరికే పంపించలేరు. నోటీసు వచ్చాక బ్యాంకు అనుమతి లేకుండా కొత్తగా అద్దెకు ఇవ్వడం చెల్లదు. నోటి మాటతో ఉంటున్నామనేవారికి, కాగితం చూపలేనివారికి రక్షణ తక్కువని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మూడింటిలో తన ఇంట్లో ఉన్నది ఏ రకం అద్దెదారో కొనేవారికి ముందే తెలియడం అరుదు. అద్దె ఒప్పందం నకలు చూపించమని అధీకృత అధికారికి రాతపూర్వకంగా రాసినవారికి కొన్నిసార్లు జవాబు వస్తుంది. జవాబు రాకపోవడం కూడా ఒక సమాచారమే.

52 లక్షల ఫ్లాటు నిజానికి ఎంతకు పడింది?

పై ఫ్లాటునే తీసుకుందాం. మార్కెట్‌లో 62 లక్షలు, రిజర్వు ధర 48 లక్షలు. పాటలో 52 లక్షలకు దక్కిందనుకుందాం. పైకి కనిపించే ఆదా 10 లక్షలు.

రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులను ఏడున్నర శాతంగా తీసుకుంటే 3.9 లక్షలు. పాత యజమాని అసోసియేషన్‌కు బాకీ పడ్డ నిర్వహణ రుసుములు 1.6 లక్షలు, ఇంటి పన్ను, కరెంటు, నీటి బిల్లులు కలిపి 50 వేలు అనుకుందాం. న్యాయవాదికి, దస్తావేజుల పరిశీలనకు 60 వేలు. ఏళ్ల తరబడి మరమ్మతు లేని ఇంటికి 3 లక్షలు. ఇంతవరకు కలిపితే 61.6 లక్షలు.

ఇక కాలం. 52 లక్షలు ఏడాదికి 9 శాతం వడ్డీ తెచ్చేవే, లేదా ఆ వడ్డీకి తెచ్చినవే అనుకుంటే నెలకు 39 వేలు. ఇల్లు ఖాళీగా ఉండి రెండు నెలల్లో చేతికి వస్తే ఈ పద్దు 78 వేలు, మొత్తం 62.38 లక్షలు. సింబాలిక్ స్వాధీనమై, చేతికి రావడానికి 14 నెలలు పడితే వడ్డీ 5.46 లక్షలు, మొత్తం 67.06 లక్షలు.

దేనితో పోల్చాలి? అలాంటి ఫ్లాటే బజారులో 62 లక్షలకు కొని, అదే ఏడున్నర శాతం ఖర్చు పెట్టినవారికి 66.65 లక్షలు అవుతుంది. అంటే తాళం చేతిలో ఉన్న ఇంటిలో 10 లక్షల ఆదా కాస్తా 4.27 లక్షలకు దిగింది. తలుపు లోపల గడియపెట్టి ఉన్న ఇంటిలో ఆదా పోగా 41 వేలు ఎదురు పడ్డాయి, పైగా 14 నెలల తలనొప్పి.

ఈ అంకెలు నేను వేసుకున్నవి. మరమ్మతు తక్కువ పడవచ్చు, అసోసియేషన్ బాకీ అసలే ఉండకపోవచ్చు. ఆ 14 నెలల్లో ఇంటి ధరే పెరిగిందని వాదించేవారూ ఉంటారు, నిజమే, అయితే బజారులో కొన్నవారి ఇంటి ధరా అంతే పెరిగింది, వారు ఈలోపు అందులో కాపురం ఉన్నారు లేదా అద్దె తీసుకున్నారు. ఈ లెక్కలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటి: మిగతా ఖర్చులన్నీ రెండు సందర్భాల్లోనూ ఒకటే. ఫలితాన్ని తిరగేసింది స్వాధీనం గడిలోని ఒక్క మాట.

ధరావతు, పాతిక శాతం, పదిహేను రోజులు

పాటలో పాల్గొనాలంటే ముందుగా ధరావతు కట్టాలి. చాలా ప్రకటనల్లో అది రిజర్వు ధరలో 10 శాతం, మన ఉదాహరణలో 4.8 లక్షలు. పాట దక్కినవారు ధరావతుతో కలిపి 25 శాతం, అంటే 13 లక్షలు, ఆ రోజే లేదా మరుసటి పనిదినానికల్లా కట్టాలి. మిగిలిన 39 లక్షలకు విక్రయం ఖరారైన నాటి నుంచి 15 రోజులు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే పొడిగింపు ఉంటుంది, ఎంత పొడిగించినా మూడు నెలలు దాటదు. ధర 50 లక్షలు, అంతకు మించితే 1 శాతం టీడీఎస్‌ను కొనేవారే పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాలి. ఇక్కడ 52 వేలు. అది అదనపు ఖర్చు కాదు, ధరలో భాగమే. మరచిపోతే మాత్రం జరిమానా, వడ్డీ కొనేవారివే.

గడువులో కట్టలేకపోతే కట్టిన పాతిక శాతం బ్యాంకు జప్తు చేసుకుంటుంది. ఇది అన్యాయమనే వాదన చాలాకాలం ఉంది: బ్యాంకుకు నిజంగా జరిగిన నష్టం మేరకే కోసుకోవాలి కదా, ఒప్పంద చట్టం చెప్పేది అదే కదా అని. చెన్నై నుంచి వెళ్లిన కేసులో కొనుగోలుదారు 12.27 కోట్లకు పాడి, పాతిక శాతం కట్టి, మిగతాది కట్టలేకపోయాడు. బ్యాంకు అదే ఆస్తిని తర్వాత అంతకంటే ఎక్కువ ధరకే అమ్ముకుంది. అయినా 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జప్తును సమర్థించింది. సర్ఫేసీ నిబంధన మామూలు ఒప్పందం లాంటిది కాదని, జప్తు భయం లేకపోతే ఎవరు పడితే వారు పాటను చెడగొడతారని దాని తర్కం. తర్కం గట్టిదే. అయితే రుణం మంజూరవుతుందన్న నమ్మకంతో పాటకు దిగే మధ్యతరగతి మనిషికీ, పాటను పాడుచేయడానికే వచ్చే దళారికీ ఈ నిబంధనలో తేడా లేదు.

'ఉన్నది ఉన్నట్లుగా' అన్న మాట ఎంత దూరం వెళుతుంది?

ఈ మాటకు అర్థం: ఆస్తిలో లోపాలు, బాకీలు, తగాదాలు ఏవైనా ఉంటే విచారించుకోవలసింది కొనేవారే, తర్వాత బ్యాంకును అడగకూడదు. దీని పదును 2023 మేలో కరెంటు బకాయిల కేసులో కనిపించింది. కేరళ విద్యుత్ బోర్డుతో మొదలైన ఆ వివాదాల్లో పాత యజమాని కరెంటు బాకీని వేలంలో కొన్నవారు కట్టాలా అన్నది ప్రశ్న. కొత్త కనెక్షన్ ఇవ్వాలంటే పాత బాకీ కట్టాలని విద్యుత్ నిబంధనలు చెబుతున్నప్పుడు ఆ షరతు చెల్లుతుందని, 'ఉన్నది ఉన్నట్లుగా' కొన్నవారు ఆ సంగతి ముందే తెలుసుకోవలసిందని సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లయితే ఆ బాకీ వేలల్లో ఉంటుంది. మూతపడ్డ ఫ్యాక్టరీ అయితే కోట్లల్లోకి వెళ్లవచ్చు.

కానీ ఈ మాట బ్యాంకుకు సర్వరక్ష కాదు. తనకు తెలిసిన బాధ్యతలను బ్యాంకు విక్రయ ప్రకటనలో చెప్పాలని నిబంధనలే అంటున్నాయి. హర్యానాలో ఒక ఆర్థిక సంస్థ అమ్మిన యూనిట్‌కు లోపలికి వెళ్లే దారే లేదని బయటపడి, కొనుగోలుదారు మిగతా సొమ్ము ఆపాడు. అలాంటి విషయం దాచి, ధరావతును జప్తు చేసుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. కాబట్టి గీత ఇలా ఉంది: బ్యాంకుకు తెలియనిది కొనేవారి భారం, తెలిసి దాచినది బ్యాంకు భారం. తెలుసని రుజువు చేయడం ఎవరి పని అంటే, దురదృష్టవశాత్తు, కొనేవారిదే.

హక్కు విషయంలో ఒక భ్రమ ఉంది. బ్యాంకు అప్పిచ్చింది కాబట్టి కాగితాలు గట్టివే అయి ఉంటాయని. విక్రయ ధ్రువపత్రంతో కొనేవారికి దక్కేది రుణగ్రహీతకు ఉన్న హక్కే, అంతకు మించి రవ్వంత కూడా కాదు. దస్తావేజు నకిలీదైతే, అన్నదమ్ముల వాటా తేలకపోతే, సివిల్ దావా నడుస్తుంటే ఆ లోపం అలాగే సంక్రమిస్తుంది. ఒకే ఆస్తిని రెండు బ్యాంకుల్లో తనఖా పెట్టే మోసాలను అరికట్టడానికి 2011లో సెర్సాయి అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది. అందులో వెతకడం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆస్తి మీది లావాదేవీల పత్రం) తీయడం, సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు కూడని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడటం, ఈ మూడూ కలిపి ఒక పూట పని.

ఊరి శివార్ల స్థలాలకు మరో మెలిక. సర్ఫేసీ కింద వ్యవసాయ భూమిని వేలం వేయకూడదు. రికార్డులో ఒక రకంగా, నేల మీద మరో రకంగా ఉన్న భూముల సంగతేమిటి? కాగితంలో పొలమని ఉంటే చాలదని, నిజంగా సాగులో ఉందని రుణగ్రహీతే రుజువు చేయాలని తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పి, హైకోర్టు రద్దు చేసిన వేలాన్ని నిలబెట్టింది. కొనుగోలుదారు గెలిచాడు, కానీ ఆ గెలుపు కోసం ఢిల్లీ దాకా వెళ్లవలసి వచ్చింది.

చవకగా కొన్నందుకు పన్ను

ఇది చాలామంది ఊహించని మలుపు. ప్రభుత్వం స్టాంపు సుంకం కోసం కట్టిన విలువ కంటే తక్కువ ధరకు ఆస్తి కొంటే, ఆ తేడాను కొనేవారి ఆదాయంగా లెక్కించే నిబంధన ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. తేడా 50 వేలకు, కొన్న ధరలో 10 శాతానికి, రెండింటికీ మించినప్పుడే ఇది వర్తిస్తుంది.

మన ఫ్లాటు ప్రభుత్వ విలువ 57 లక్షలైతే తేడా 5 లక్షలు, 10 శాతం హద్దు 5.2 లక్షలు, పన్ను లేదు. అదే విలువ 60 లక్షలైతే తేడా 8 లక్షలు, హద్దు దాటింది. అప్పుడు హద్దుకు మించిన 2.8 లక్షలను కాక మొత్తం 8 లక్షలనూ ఆదాయంలో కలుపుతారు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి దాదాపు 2.5 లక్షల పన్ను. తాళం చేతిలో ఉన్న ఇంటిలో మిగిలిందనుకున్న 4.27 లక్షల్లో సగానికి పైగా ఇక్కడే పోయింది. ప్రభుత్వ విలువ బజారు ధర కంటే బాగా దిగువన ఉన్నచోట ఈ చిక్కు రాదు. వచ్చినచోట, ఆస్తిని ఆదాయపు పన్ను శాఖ మదింపు అధికారికి పంపమని కోరవచ్చు.

విచిత్రమేమిటంటే, స్టాంపు సుంకం విషయంలో న్యాయస్థానం మరోలా చూసింది. కోర్టు ద్వారా జరిగిన బహిరంగ వేలంలో పలికిన ధరనే విలువగా తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పదిమంది ముందు పాడిన ధరను ఒక చట్టం నమ్ముతుంది, మరో చట్టం అనుమానిస్తుంది.

అప్పు తీర్చి ఇల్లు విడిపించుకునే హక్కు ఎప్పటిదాకా?

తనఖా పెట్టినవారికి అప్పు తీర్చి ఆస్తి విడిపించుకునే హక్కు మన చట్టంలో పాతది, లోతైనది. 2016కు ముందు సర్ఫేసీలో ఆ హక్కు అమ్మకం తేదీ దాకా ఉండేది. 2016 సవరణ దాన్ని వేలం ప్రకటన వెలువడే దాకా అని కుదించింది. మార్పు చిన్నగా కనిపిస్తుంది కానీ దానర్థం: పత్రికలో పట్టిక అచ్చైన రోజుతో రుణగ్రహీత తలుపు మూసుకుంది.

ఇందులో రెండు వాదాలున్నాయి, రెంటికీ బలం ఉంది. రుణగ్రహీత పక్షం అనేది: పాటలో వచ్చినదానికంటే ఎక్కువ సొమ్ము తెస్తామంటే బ్యాంకుకు నష్టమేమిటి? దాని పని వసూలే కదా. ఇల్లు ఒక కుటుంబానిది, కొనేవారికి అది పెట్టుబడి మాత్రమే. ప్రకటన అచ్చయ్యాకనే చాలామంది బంధువులను, స్నేహితులను అడిగి సొమ్ము కూడగడతారన్నదీ నిజం. అవతలి పక్షం అనేది: పాట ముగిశాక కూడా వెనక్కి తీసుకోగలిగితే నిజాయితీగా పాడేవారు రారు, రాకపోతే ధరలు ఇంకా పడతాయి, ఆ నష్టం చివరికి రుణగ్రహీతలందరిదీ. పైగా అప్పటిదాకా కదలని రుణగ్రహీతకు కొనుగోలుదారు పాడిన ధరే ఉచిత మదింపుగా ఉపయోగపడుతుంది.

2023 సెప్టెంబరులో సెలిర్ అనే కొనుగోలు సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండో వాదం వైపు నిలిచింది. ముంబై ప్రాంతంలోని ఒక స్థలాన్ని బ్యాంకు ఎనిమిదిసార్లు వేలానికి పెట్టినా ఎవరూ కొనలేదు. తొమ్మిదోసారి, 2023 జూన్‌లో, 105 కోట్ల రిజర్వు ధర మీద 105.05 కోట్లకు సెలిర్ పాడింది. అప్పుడు రుణగ్రహీత హైకోర్టుకు వెళ్లి 129 కోట్లు కడతానన్నాడు, హైకోర్టు సరేనంది. బ్యాంకుకూ లాభం, యజమానికీ ఊరట, ఎవరికి అభ్యంతరం అనిపించే ఏర్పాటు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ప్రకటన వెలువడ్డాక విడిపించుకునే హక్కు లేదని, వేలానికి ఉన్న పవిత్రతను కాపాడాలని చెప్పి, స్థలం సెలిర్‌కే ఇమ్మంది.

అక్కడితో అయిపోలేదు. స్థలం మీది హక్కులను రుణగ్రహీత ఈలోగా మరో సంస్థకు బదలాయించాడు. ట్రైబ్యునల్‌లో పాత దరఖాస్తు నడుస్తూనే ఉంది. సర్వోన్నత న్యాయస్థానంలో గెలిచిన సెలిర్, కోర్టు ధిక్కారం పిటిషనుతో మళ్లీ అక్కడికే వెళ్లవలసి వచ్చింది. స్థలం భౌతిక స్వాధీనాన్ని, అసలు దస్తావేజులను అప్పగించాలన్న ఆదేశం 2024 డిసెంబరు 13న వచ్చింది. వేలం జరిగి అప్పటికి 17 నెలలు దాటింది. మన ఫ్లాటుకు వేసిన 9 శాతం లెక్కే 105.05 కోట్లకు వేస్తే వడ్డీ నెలకు దాదాపు 79 లక్షలు. తొమ్మిదో వేలంలో రిజర్వు ధర మీద వారు అదనంగా పాడింది 5 లక్షలు.